మిగిలిన లక్ష గళ్ళు

చేత్తో రాయడం వల్ల పదకొండు లాభాలున్నాయని సిద్ధార్థ కనుక్కున్నాడు. కనుక్కున్నాడంటే, ఫోన్‌ని అడిగితే అది చెప్పింది. మొదట పదే చెప్పింది. సరిగ్గా పదంటే జనం నమ్మరని వాళ్ళ బాస్ సంజీవరావు ఇంకొకటి అడిగించాడు.

వాళ్ళ కంపెనీ పేరు 'కలంబలం'. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక బిల్డింగులో మూడో అంతస్తు. ఈ డిజిటల్ కాలంలో పిల్లల చేత పెన్ను పట్టించడం ఎంత అవసరమో ప్రైవేటు స్కూళ్ళకు వెళ్ళి చెప్పడం దాని వ్యాపారం. సిద్ధార్థ లైట్లు ఆర్పించి, తెర మీద మెదడు బొమ్మ వేసి, గంటసేపు మాట్లాడతాడు. జ్ఞాపకశక్తి పెరుగుతుందంటాడు. ఏకాగ్రత కుదురుతుందంటాడు. తల్లిదండ్రులు తలలూపుతూ ఆ స్లైడ్లన్నిటికీ ఫోన్లతో ఫోటోలు తీసుకుంటారు. ఒక్కరంటే ఒక్కరు కాగితం మీద రాసుకోరు. చివర్లో అభిప్రాయం చెప్పమని ఒక లింకు వస్తుంది. అందరూ బొటనవేలితో అయిదు నక్షత్రాలు నొక్కి ఇళ్ళకు పోతారు.

సిద్ధార్థ మాత్రం ఇంజనీరింగ్ ఆఖరి పరీక్ష అయిన రోజు పెన్ను కింద పెట్టాడు. అయిదేళ్ళయింది, మళ్ళీ ఎత్తలేదు. కొరియర్ వాడు వస్తే వాడి ఫోన్ అద్దం మీద వేలితో ఒక గీత గీస్తాడు. అది సంతకమేనని ఇద్దరూ ఒప్పుకుంటారు. చదువు ఎక్కువైనవాళ్ళ మధ్య ఇలాంటి ఒప్పందాలు చాలా ఉంటాయి.

శ్రావణ మాసంలో ఒక సాయంత్రం వాన పట్టుకుంది. బెంజ్ సర్కిల్‌లో వాన పడితే వాహనాలు ఆగిపోయి హారన్లు మాత్రం ముందుకు పోతాయి. సిద్ధార్థ ఆఫీసు దిగి కింద ఉన్న మందుల షాపులోకి దూరాడు. అమ్మ రామతులసికి బీపీ మాత్రలు తీసుకెళ్ళాలి. వాటి పేరు ఫోన్‌లో ఉంది. ఫోన్ ప్రాణం పోయి ఉంది.

కౌంటర్ వెనక తెల్లకోటులో ఒక అమ్మాయి. పేరు మనోజ్ఞ. బీఫార్మసీ చదివి ఆ షాపులో మూడేళ్ళుగా పనిచేస్తోంది. చుట్టుపక్కల పదిహేను మంది డాక్టర్ల రాత చదవగలిగిన మనిషి ఆమె ఒక్కతే. తాము నిన్న రాసిందేమిటో తెలియక ఆ డాక్టర్లే ఫోన్ చేసి ఆమెను అడుగుతారని చెప్పుకుంటారు.

సిద్ధార్థ గుర్తున్నంతలో మందు పేరు చెప్పాడు. హారన్లలో వినపడలేదు. ఆమె చిన్న కాగితమూ పెన్నూ అతని ముందుకు తోసింది. అతను కాసేపు పెన్నును అటూ ఇటూ తిప్పి, ఏదో రాశాడు. ఆమె చూసింది. తిప్పి చూసింది. ట్యూబ్‌లైట్ కిందికి పట్టుకెళ్ళి చూసింది.

"ఇది దేనికండీ?"

"బీపీకండి."

"బీపీ వచ్చాక రాసినట్టుంది. ఎవరు రాశారు?"

"ఇప్పుడే మీ ముందే రాశాను కదండీ."

"మీరు డాక్టరా?"

"కాదండీ."

"మరి అంత ధైర్యంగా ఎలా రాశారు?"

అతనికి రోషమొచ్చి జేబులోంచి విజిటింగ్ కార్డు తీసి కౌంటర్ మీద పెట్టాడు. ఆమె కార్డు చదివింది. చీటీ చూసింది. మళ్ళీ కార్డు చదివింది. 'చేతిరాత శిక్షకుడు' అని ఉంది అందులో, రెండు భాషల్లో. ఆమె ఏదో వెతుకుతున్నట్టు కౌంటర్ కిందికి వంగి, కాసేపు అక్కడే ఉండిపోయింది. పైకి లేచేసరికి కళ్ళు తడిగా ఉన్నాయి.

ఊహించి మందివ్వనని, ఇంట్లో పాత అట్ట ఉంటే ఫోటో తెప్పించమని చెప్పి తన ఫోన్ ఇచ్చింది. రామతులసి ఫోటో పంపింది. ఆ నంబర్ దాచుకుంది కూడా. మర్నాటి నుంచి మనోజ్ఞకు రోజూ తెల్లవారేసరికి ఒక గులాబీ పువ్వు, కింద శుభోదయం అన్న మాట రావడం మొదలైంది. అవి ఎవరు పంపుతున్నారో తెలుసుకోవడానికి మనోజ్ఞ సిద్ధార్థను అడగాల్సి వచ్చింది. అలా అమ్మ చేతి చలవతో మాటలు కలిశాయి.

తరవాత నెలరోజులూ సిద్ధార్థ ఆ షాపులో దగ్గుబిళ్ళలు కొన్నాడు. బ్యాండేజీలు కొన్నాడు. మోకాళ్ళ పట్టీ కొన్నాడు. మీ ఇంట్లో మొత్తం ఎంతమంది పడ్డారని ఆమె ఒకరోజు అడిగింది. ఒక్కణ్ణేనని అతను చెప్పాడు. ఎక్కడ పడ్డారని ఆమె అడగలేదు. అడగకుండా బిల్లు మీద కళ్ళు పెట్టుకుని నవ్వింది.

ఒకరోజు ఆమెకు పెద్ద సందేశం పంపాడు. వెన్నెలా, వానా, ఇంకా నాలుగైదు రకాల పూలూ ఉన్నాయి అందులో. ఆమె జవాబివ్వలేదు. మర్నాడు ఫ్లైఓవర్ కింద టీ తాగుతూ ఎవరు రాశారని అడిగింది. నేనేనన్నాడు. మీకు అంత మంచి తెలుగు రాదే, నోటితో చెప్పండి, ఎంత వస్తే అంత, అంది. ఒక గుడివాడ బస్సు, రెండు లారీలు పోయేదాకా ఆగి, మీరంటే నాకిష్టమండీ అన్నాడు. వినపడలేదంది. మూడుసార్లు చెప్పించుకుంది. మొదటిసారే వినపడిందని పక్కన టీ తాగుతున్నవాళ్ళందరికీ తెలుసు.

కార్తీకంలో పెద్దవాళ్ళు మాట్లాడుకున్నారు. కులం ఒకటేనని తేలింది. ప్రేమకు కళ్ళు లేవంటారు గాని కృష్ణా జిల్లాలో దానికి కాస్త చూపు ఆనుతుంది. ఆనకపోతే ఏమవుతుందో పేపర్లో వస్తూనే ఉంటుంది కాబట్టి ఆ సంగతి వదిలేద్దాం.

మనోజ్ఞ వాళ్ళది కంకిపాడు. తండ్రి రామకోటేశ్వరరావుకు ఎరువుల షాపు ఉంది. తల్లి పోయి పదేళ్ళు. ఇంటికి పెద్ద నాయనమ్మ సుబ్బరత్నం. డెబ్భై ఎనిమిదేళ్ళు. కుడిచేతికి మణికట్టు నుంచి మోచేయి దాకా కట్టు. బాత్‌రూములో జారిపడిందట. ఎముక అతికినా ఇక పెన్ను పట్టే చెయ్యి కాదని డాక్టరు చెప్పేశాడు.

కాఫీలయ్యాక, ముహూర్తం ఎప్పుడు పెట్టుకుందామని రామతులసి అడిగితే ముసలామె అసలు సంగతి చెప్పింది. మనోజ్ఞ నెలలు నిండకుండా పుట్టింది. ఇరవై రోజులు అద్దాల పెట్టెలో ఉంది. బతికి బయటపడితే రామకోటి రాస్తాననీ, అది పూర్తయ్యాకే పిల్ల పెళ్ళనీ సుబ్బరత్నం మొక్కుకుంది. శ్రీరామ, శ్రీరామ అని గడికొకటి చొప్పున కోటిసార్లు. ఇరవయ్యారేళ్ళుగా రోజూ రాస్తూనే ఉంది. తొంభై తొమ్మిది లక్షలయ్యాయి. ఇంకొక్క లక్ష ఉందనగా చెయ్యి విరిగింది.

"ఇప్పుడు యాప్ ఉందమ్మా. నూట ఎనిమిది ఒక్క నొక్కుకే పడతాయి" అన్నాడు కొడుకు.

"మొక్కినప్పుడు యాప్‌కి మొక్కలేదురా."

"పోనీ నేను రాస్తా."

"నువ్వు వద్దులే" అంది ముసలామె, చాలా మామూలుగా. రామకోటేశ్వరరావు ఎందుకనో గోడ మీది క్యాలెండరు చూడటం మొదలుపెట్టాడు.

మొక్కు ఎవరి కోసమో వాళ్ళు రాయకూడదు కాబట్టి మనోజ్ఞ పనికిరాదు. ఇంటి మనిషి చెయ్యే కావాలి. ఇంటికి రాబోయేవాడూ ఇంటి మనిషే. అందరూ సిద్ధార్థ వంక చూశారు. చేతిరాత నేర్పే ఉద్యోగమట కదా నాయనా, దేవుడే పంపించాడు నిన్ను, అంది సుబ్బరత్నం. మాఘంలోపు లక్షా పూర్తయితే మాఘంలోనే పెళ్ళి.

సిద్ధార్థ లక్షేగా అన్నాడు. మనోజ్ఞ అతని వైపు అనుమానంగా చూసింది. ఒక్కో పుస్తకానికి పదివేల గళ్ళ చొప్పున పది పుస్తకాలు సంచిలో వేసుకుని విజయవాడ బస్సెక్కాడు.

మొదటి రోజు నూట పన్నెండు రాశాడు. పది రాయగానే ఒకసారి ఫోన్ చూసుకోవడం, ఇంకో పది రాయగానే వేళ్ళు విరుచుకోవడం. నూట పదమూడోది గళ్ళోంచి బయటికి వచ్చేసింది. ఈ లెక్కన పెళ్ళెప్పుడని ఫోన్‌ని అడిగితే రెండున్నరేళ్ళని చెప్పింది. మనోజ్ఞ కోసం రెండున్నరేళ్ళు ఆగడం తన వల్ల కాదనుకున్నాడు. పాపం, అది నిజమే. ఆ తరవాత అతను చేసిన తప్పుడు పనికి వెనక ఉన్నది ప్రేమే. ఈ దేశంలో సగం తప్పుడు పనులకు వెనక ఉండేది అదే.

ఆఫీసులో ఒక యంత్రం ఉంది. పండగలకు స్కూలు ప్రిన్సిపాళ్ళకు 'చేత్తో రాసిన' శుభాకాంక్షలు పంపడానికి సంజీవరావు తెప్పించాడు. మనం నాలుగు ముక్కలు రాసి చూపిస్తే పెన్ను పట్టుకుని అచ్చం మనలాగే రాసేస్తుంది. చేత్తో రాయడమంటే చెయ్యి ఉండి తీరాలని రూలేమీ లేదు కదా అంటాడు సంజీవరావు. సిద్ధార్థ నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, నలభైసార్లు శ్రీరామ అని రాసి దానికి చూపించాడు. అది ఆ నలభైనీ కలిపి, మార్చి, పన్నెండు రోజుల్లో లక్ష పూర్తి చేసింది. ఆ పన్నెండు రోజులూ అతను స్కూళ్ళు తిరిగి ఏకాగ్రత గురించి చెప్పాడు.

కంకిపాడులో పుస్తకాలు చూసి సుబ్బరత్నం ఎడమచేత్తో ఒక్కో పేజీ తడిమింది. అక్షరం కుదురుగా ఉందని మురిసింది. ఇంత తొందరగా ఎలా రాశావు నాయనా అంటే ఉద్యోగం అదే కదండీ అన్నాడు. మాఘంలో ముహూర్తం పెట్టేశారు. రామకోటేశ్వరరావు అప్పటికప్పుడు షామియానావాడికి ఫోన్ చేశాడు. మనోజ్ఞ మాత్రం వసారాలో కూర్చుని పుస్తకాలు తిరగేస్తోంది. నాలుగో పుస్తకం దగ్గర ఆగింది. మొదటిది మళ్ళీ తీసింది. పదోది తీసింది. తరవాత అన్నీ మూసేసి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం షాపులో జనం పలచబడ్డాక అతన్ని రమ్మంది.

"ఏ చేత్తో రాశారు?"

"కుడిచేత్తోనే."

"చూపించండి."

చూపించాడు. ఆమె అతని మధ్యవేలు పట్టుకుని వెలుతురులో తిప్పి చూసింది. ఇంకెప్పుడైనా అయితే ఆ ముట్టుకోవడానికి అతను రెండు రోజులు నేల మీద నడిచేవాడు కాదు.

"మా నాయనమ్మ వేలికి ఇక్కడ కాయ ఉంటుంది, చింతగింజంత. మీ వేలు పసిపిల్లాడి వేల్లా ఉంది."

అతను వేలు వెనక్కి తీసుకున్నాడు.

"మొదటి పేజీ, ఆఖరి పేజీ పక్కపక్కన పెట్టి చూశాను. లక్షసార్లు రాసినా మీ చెయ్యి ఎక్కడా నొప్పి పెట్టలేదు. ఎక్కడా నిద్ర రాలేదు. ఒక్కచోట కూడా విసుగు పుట్టలేదు. నేను రోజంతా రాతలు చదివి బతికేదాన్నండీ. ఏ డాక్టరు భోజనానికి ముందు రాశాడో, ఎవరు భార్యతో పోట్లాడి వచ్చి రాశారో చెప్పగలను. ఆ పది పుస్తకాల్లోనూ మనిషి లేడు."

యంత్రం సంగతి చెప్పాడు. ఆత్రం కొద్దీ చేశానన్నాడు. దేవుడికి కోపం వస్తుందంటారా అని బెరుగ్గా అడిగాడు.

"దేవుడి సంగతి నాయనమ్మ చూసుకుంటుంది. నా సంగతి చెబుతున్నా. ఆవిడ నా కోసం ఇరవయ్యారేళ్ళు కూర్చుంది. మీరు మూడు నెలలు కూర్చోలేకపోయారు."

మళ్ళీ రాసేస్తాను, ఎవరికీ తెలియకుండా పుస్తకాలు మార్చేద్దాం అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఆదివారంలోపు ఆవిడకి మీరే చెప్పండి. నేను చెబితే చాడీ అవుతుంది. మీరు చెప్పకపోతే ఈ పెళ్ళి నాకొద్దంటాను. ఎందుకని అడిగితే చెప్పను. తిట్లు నేనే తింటాను."

అప్పుడే ఎవరో చీటీ పట్టుకుని వచ్చారు. ఆమె దాన్ని చదవడంలో పడిపోయింది.

పెళ్ళికూతురి నాయనమ్మకు తప్పు ఒప్పుకోవడం ఎలాగని సిద్ధార్థ ఫోన్‌ని అడిగాడు. ఏడు సూచనలిచ్చింది. మొదటిది, నిజాయితీగా ఉండండి. అదొక్కటీ తప్ప మిగతా ఆరూ అతనికి నచ్చాయి. శనివారం దాకా ఆ ఆరింటినీ సాధన చేశాడు. ఆదివారం కంకిపాడు బస్సులో కూర్చున్నాక అవన్నీ మరిచిపోయాడు. జ్ఞాపకశక్తి గురించి అతను చెప్పే స్లైడు ఎనిమిదోది.

వసారాలో తండ్రీ, నాయనమ్మా, మనోజ్ఞా ఉన్నారు. శుభలేఖ నమూనాలు చూస్తున్నారు. సిద్ధార్థ కుర్చీ ఇచ్చినా కూర్చోలేదు.

"మామ్మగారూ, ఆ లక్షా నేను రాయలేదండీ. మా ఆఫీసులో యంత్రం రాసింది. నేను నలభై రాశాను."

సుబ్బరత్నం మొహంలో ఏ మార్పూ లేదు. మారవలసిందంతా రామకోటేశ్వరరావు మొహం మారింది. భగవంతుడి పేరుతో మోసమా అన్నాడు. ఈ కాలపు చదువులన్నీ ఇంతేనన్నాడు. కష్టపడటం తెలియని తరమన్నాడు. తన కాలంలో మాటంటే మాటేనన్నాడు. శుభలేఖల నమూనాలు చించబోయి, అట్ట మందంగా ఉండి చిరగక, పక్కన పడేశాడు. ఈ సంబంధం ఇంతటితో సరి అన్నాడు. మనోజ్ఞ లేచి నిలబడింది గాని, ఎవరి వైపు నిలబడాలో తెలియక స్తంభం పట్టుకుంది.

కొడుకు గుక్క తిప్పుకునేదాకా ఆగి ముసలామె మనవరాలిని పిలిచింది. తన మంచం కింద ట్రంకు పెట్టె లాగమంది. అడుగున ఎర్రగుడ్డలో కట్టిన మూట ఉంటుంది, పట్రమ్మంది. మనోజ్ఞ తెచ్చి విప్పింది. పాత రామకోటి పుస్తకాలు. ప్రతి గళ్ళోనూ ఊదారంగు సిరాతో శ్రీరామ అని ఉంది. ఒకే కొలత, ఒకే ఒంపు. కొన్ని గళ్ళలో రాముడు తలకిందులుగా ఉన్నాడు.

"ఒరే కోటేశ్వరం, ఇది ఎవరి రాతరా?"

రామకోటేశ్వరరావు కుర్చీలో కూర్చున్నాడు.

"పద్దెనిమిదేళ్ళ కింద నాకు టైఫాయిడ్ వస్తే, ఒక అయిదు లక్షలు రాసిపెట్టరా అన్నాను నాయనా" అంది ఆమె సిద్ధార్థతో, తీరిగ్గా. "మీ మామ బెజవాడ వెళ్ళి రబ్బరు స్టాంపు చేయించుకొచ్చాడు. నెల తిరక్కుండా అయిదు లక్షలూ గుద్ది నా ఒళ్ళో పెట్టాడు. చెయ్యి నొప్పి పుట్టింది కాఫీ ఇమ్మని కూడా అడిగాడు."

"అది ఎరువుల సీజనమ్మా" అన్నాడు కొడుకు సన్నగా.

"అవున్రా. అందుకే నేనేమీ అడగలా. నువ్వూ చెప్పలా. ఆ అయిదు లక్షలూ నేనే మళ్ళీ రాసుకున్నా. లేకపోతే నా కోటి ఎప్పుడో అయిపోయి ఉండేది. ఈ చెయ్యి విరిగేదాకా ఆగేదా?"

మనోజ్ఞ తండ్రి వంక చూసి, నవ్వు రాకుండా పెదవి కొరుక్కుంది. ఆయన తప్ప అందరికీ అది కనిపించింది.

"ఈ అబ్బాయి వచ్చి చెప్పాడు. నీకూ ఇతనికీ అంతే తేడా" అంది సుబ్బరత్నం. తరవాత సిద్ధార్థ వైపు తిరిగింది. "ఇంకోసారి రాసుకుందామంటే నాకు చెయ్యి లేదు. నువ్వే రాయాలి. మాఘం వద్దు, వైశాఖంలో చేసుకుందాం. అప్పటికీ కాకపోతే ఆ పైన చూద్దాం. ఆదివారాలు వచ్చి నా ముందు కూర్చుని రాయి. నమ్మక కాదు, నాకు పొద్దుపోదు."

యంత్రం రాసినవి ఏం చెయ్యమంటారని అడిగాడు. దేవుడి పేరు పారెయ్యకూడదు, ఆ ట్రంకు పెట్టెలోనే మామ పుస్తకాల పక్కన పెట్టమంది. అలా పెళ్ళికి ముందే మామా అల్లుళ్ళకు ఒక ఉమ్మడి ఆస్తి ఏర్పడింది.

ఆ నాలుగు నెలలూ సిద్ధార్థ రోజుకు ఎనిమిది తొమ్మిది వందలు రాశాడు. మొదటి వారం వేళ్ళు వాచి అన్నం ముద్ద కూడా కలపలేకపోయాడు. రామతులసి వేడినీళ్ళ కాపడం పెడుతూ, నా కొడుకు ఇంజనీరింగ్‌కి కూడా ఇంత చదవలేదని ఏడ్చింది. ఇది చదువు కాదమ్మా అంటే, అయితే మంచిదే అని ఊరుకుంది. రాస్తున్నంతసేపూ ఫోన్ పట్టుకోవడానికి ఖాళీ చెయ్యి లేదు. మొదట్లో పిచ్చెక్కినట్టుండేది. తరవాత ఇంట్లో ఫ్యాను చప్పుడు చేస్తుందని తెలిసింది. అమ్మ వంట చేస్తూ తనలో తను మాట్లాడుకుంటుందని కూడా తెలిసింది.

ట్రంకు పెట్టెలోకి పోయిన ఆ పది పుస్తకాలూ తెస్తే ఆఫీసు గుమ్మంలో అద్దాల పెట్టెలో పెడదామని సంజీవరావు ముచ్చటపడ్డాడు. 'మా శిక్షకుడు చేత్తో రాసిన లక్ష నామాలు' అని బోర్డు కూడా రాయించబోయాడు. అవి నేను రాసినవి కావని సిద్ధార్థ చెప్పేశాడు. అయితే ఇప్పుడు రాస్తున్నవి తెమ్మన్నాడు. అవి మీవి కావన్నాడు. అసలు చేత్తో రాస్తే ఏమవుతుందో చెప్పు అని బాస్ విసుక్కుంటే, నొప్పి పుడుతుందండీ అన్నాడు. సంజీవరావు ఒక్క క్షణం ఆలోచించి, పన్నెండో లాభం కింద అది చేర్చేశాడు.

మనోజ్ఞ అతనితో ముభావంగానే ఉంది. టీ లేదు, వాన కబుర్లు లేవు. కాని ఆదివారం ఆదివారం ఆ వారం పుస్తకం తీసుకుని మందుచీటీ చదివినట్టు చదివేది.

"ఇక్కడ కోపం వచ్చింది మీకు."

"అవునండీ. ఆ రోజు బాస్ బోర్డు రాయిస్తానన్నాడు."

"ఇక్కడ కునుకు పట్టింది. మ తోక చూడండి, పక్కింటి దాకా పోయింది. ఇక్కడ మాత్రం ఎందుకో తీరిగ్గా, గుండ్రంగా ఉంది."

అతను పేజీ చూశాడు. "పోయిన ఆదివారం. మీరు మజ్జిగ తెచ్చి ఇక్కడ కూర్చున్నారు."

ఆమె పుస్తకం మూసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ తరవాతి ఆదివారం మజ్జిగలో అల్లం, కరివేపాకు పడ్డాయి. సుబ్బరత్నం రుచి చూసి, నాకు ఇన్నేళ్ళూ వట్టి ఉప్పే వేసింది అనుకుంది.

చైత్రం చివర్లో పదో పుస్తకం పూర్తయింది. సుబ్బరత్నం కళ్ళజోడు పెట్టుకుని ఎడమచేతి వేలితో గడి గడీ తడుముతూ ఆగింది.

"అబ్బాయ్, ఈ గళ్ళో ఏం రాశావు?"

సిద్ధార్థ వంగి చూశాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. వరసగా శ్రీరామ, శ్రీరామ, శ్రీరామ, తరవాత గళ్ళో మనోజ్ఞ, మళ్ళీ శ్రీరామ. ఎప్పుడు రాశాడో అతనికే తెలియదు.

రామకోటేశ్వరరావు కూడా వచ్చి తొంగిచూశాడు. నాలుగు నెలలుగా అల్లుడితో ముక్తసరిగా ఉంటున్న మనిషి. చాలాసేపు చూసి, గొంతు సవరించుకున్నాడు.

"స్టాంపుతో ఇది రాదమ్మా" అన్నాడు.

ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయిరా దేవుడా అని ముసలామె ముందు రాసిన పుస్తకాలు తిరగెయ్యబోయింది.

"మొత్తం పదిహేడు నాయనమ్మా" అంది మనోజ్ఞ. "ఆరో పుస్తకంలో మొదలయ్యాయి."

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు. ప్రతి ఆదివారం ప్రతి గడీ చదివిన మనిషి. ఒక్కదాని గురించీ ఎవరికీ చెప్పలేదు.

"మరి చెప్పలేదేమే?"

మనోజ్ఞ అటు తిరిగింది. స్తంభం మీద సున్నం గోటితో గీకడం మొదలుపెట్టింది.

లెక్కంటే లెక్కే, ఆ పదిహేడూ రామకోటిలోకి రావు, వాటి బదులు విడిగా రాసి పెట్టమంది సుబ్బరత్నం. సిద్ధార్థ అక్కడే కూర్చుని రాశాడు. పదిహేడోది పూర్తికాగానే ముసలామె విరిగిన చేత్తోనే దణ్ణం పెట్టుకుంది. ఇరవయ్యారేళ్ళ మొక్కు తీరింది. ఏడుస్తుందేమోనని అందరూ చూస్తే, రేపటి నుంచి పొద్దున్నే ఏం చెయ్యాలిరా అంది కొడుకుతో.

ఆ పదిహేడు గళ్ళనీ ఏం చెయ్యమంటారని సిద్ధార్థ అడిగాడు.

"అవి దేవుడివి కావు కదా. ఎవరివో వాళ్ళకివ్వు. పేజీకి ఒకవైపే రాత, రాముడికి తగలకుండా కత్తిరించమను."

మనోజ్ఞ కత్తెర తెచ్చింది. మాత్రల అట్టలు కత్తిరించే చెయ్యి కాబట్టి అంచులు తిన్నగా వచ్చాయి. పదిహేడూ బ్యాగులోంచి తీసిన మందుల కవర్లో వేసింది. రోజుకు వంద కవర్ల మీద రాసే అలవాటున, దాని మీద కూడా పెన్నుతో రాసింది. పేరు దగ్గర మనోజ్ఞ. వాడకం దగ్గర 'రోజుకొకటి, ఆపకూడదు'.

సిద్ధార్థ ఆ కవరు తీసుకుని చదివాడు.

"ఇవి పదిహేడు రోజులకే అయిపోతాయి కదండీ."

ఆమె కవరు లాక్కుని బ్యాగులో వేసుకుంది. అప్పటికే లోపలికి వెళ్ళిన నాయనమ్మా నాన్నా శుభలేఖల అట్ట గురించి వాదించుకుంటున్నారు.

"అయిపోతే మళ్ళీ రాసివ్వు" అంది, మొదటిసారి అండీ లేకుండా. "నీకు చెయ్యి ఉందిగా."